కార్జంలో నీటి బుడగ

నెల్లూరు ఆసుపత్రిలో గడిపిన ఆ నెలలు తలుచుకుంటే నాకిప్పుడు నొప్పి గుర్తుకు రాదు. చాలా నొప్పి పడ్డానని తెలుసు గానీ ఒంటికి అది జ్ఞాపకం లేదు. గుర్తుకొచ్చేదల్లా ఆసుపత్రి వెనక వేపచెట్ల కింద రోగుల తాలూకు ఆడవాళ్ళు పెట్టుకున్న మూడు రాళ్ళ పొయ్యిలు, ఆ పొగ, ఆ పొగలోంచి అన్నం గిన్నె కొంగుతో పట్టుకుని వచ్చే మా అత్త మస్తానమ్మ. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. నాకు వచ్చిన జబ్బు గొర్రెలున్న ఊళ్ళలో ఇంకా ఎవరికో ఒకరికి వస్తూనే ఉందని ఈమధ్య విన్నాను. వాళ్ళలో ఎవరైనా చదివితే కాస్త ధైర్యం కలుగుతుందని రాస్తున్నాను. నిజం చెప్పాలంటే, మా అత్త గురించి మరోసారి మాట్లాడుకోవాలనే కోరిక కూడా ఉంది.

నేను కావలిలో పుట్టి పెరిగాను. మా నాయన అక్కడ బడిపంతులు. ఎనిమిదో తరగతి దాకా చదివించి, సముద్రానికి దగ్గరగా, పడవల కాలువకు అవతలున్న పల్లెలో నన్ను ఇచ్చారు. మా ఆయన వెంకయ్య నెమ్మదస్తుడు, వరిపొలం చూసుకునేవాడు. మామగారు నా పెళ్ళికి ముందే పోయారు. ఇంటినీ గొర్రెల మందనూ నడిపేది మా అత్తే. తెల్లగా, కాళ్ళెత్తుగా, చెవులు వేలాడేసుకుని ఉండే ఆ గొర్రెలు సాయంత్రం సరుగుడు తోటల పక్కగా తిరిగొస్తుంటే ఇసుక మీద వాటి అడుగుల చప్పుడే వినిపించేది కాదు. గాలికి సరుగుడు చెట్ల హోరు, దూరంగా సముద్రం హోరు కలిసిపోయేవి. కాలువలో ఉప్పు బస్తాల పడవలను తాళ్ళతో లాక్కుంటూ మనుషులు గట్టు వెంబడి నడిచేవాళ్ళు. టౌనులో పుట్టిన నాకు అదంతా కొత్త లోకం. మొదటి ఏడాదే దాన్ని ప్రేమించాను.

మంద వెంట నల్లోడు అనే కుక్క ఉండేది. ఇంటికి రాగానే వచ్చి నా ఒళ్ళో మూతి పెట్టేది. నా చేత్తోనే దానికి సంకటి ముద్ద పెట్టేదాన్ని, అదే చేత్తో నేనూ తినేదాన్ని. గంగమ్మకు మొక్కు తీర్చినప్పుడో, చుట్టాలు వచ్చినప్పుడో పొట్టేలును కోస్తే ఒక్కోసారి దాని కార్జంలో, అంటే కాలేయంలో, నీటి బుడగలు కనిపించేవి. అది మనుషులు తినేది కాదని మా అత్త ఆ ముక్కను కోసి నల్లోడికి విసిరేది. మా అత్త పుట్టింట్లోనూ అంతే చేసేవాళ్ళట. ఆ చుట్టుపక్కల ప్రతి ఇంట్లోనూ అంతే.

పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో, నాట్ల కాలంలో, వంగినప్పుడు కుడి డొక్కలో ఏదో అడ్డం పడ్డట్టు ఉండేది. నొప్పి కాదు, బరువు. అప్పటికి మా కూతురు లక్ష్మికి అయిదో ఏడు. మళ్ళీ నెల తప్పానేమోనని మా అత్త సంబరపడి, కాదని తెలిశాక ఊరుకుంది. పైరు కోతలకొచ్చేసరికి పక్కటెముకల కింద చెయ్యి పెడితే గుండ్రంగా, నున్నగా తగిలింది. గుల్మం, కడుపులో గడ్డ అన్నారు. పక్క ఊరి నుంచి ఒక ముసలాయనను పిలిపించి వాత పెట్టించారు. కావలిలో ఒక డాక్టరు సీసాలో ఎర్రమందు ఇచ్చాడు. వాత మానింది, సీసా అయిపోయింది, గడ్డ మాత్రం పెరిగింది. నేను దాన్ని పైట కింద దాచుకుని పని చేసుకుంటూ పోయాను.

ఆ మరుసటి వేసవిలో ఒక సాయంత్రం ఇసుక చెలమ నుంచి బిందెతో నీళ్ళు తెస్తూ జారి పడ్డాను. బిందె అంచు సరిగ్గా ఆ గడ్డకే తగిలింది. లేచి నిలబడేలోపు ఒళ్ళంతా దురద, అరచేతుల దాకా దద్దుర్లు. నాలుక మందమైంది. ఊపిరి లోపలికి వెళ్ళనంటోంది. పాము కరిచిందని ఒకరు, గాలి సోకిందని ఒకరు అన్నారు. ఇసుక మీద పడుకోబెట్టి ముఖాన నీళ్ళు కొట్టారు. దీపాలు పెట్టే వేళకు ఎలా వచ్చిందో అలాగే తగ్గింది. కానీ ఆ రోజు నుంచి నేను మనిషిని కాలేదు. చలిజ్వరం వచ్చిపోయేది. ఆషాఢం నాటికి కళ్ళు పచ్చబడ్డాయి. నేల ఉసిరి పసరు తాగించారు, పత్యం పెట్టారు. అద్దంలో చూసుకుంటే పసుపు పూసుకున్న ముఖం, అందులో ఎవరివో కళ్ళు.

సంగతి తెలిసి మా నాయన కావలి నుంచి వచ్చారు. నన్ను చూసి గడపలోనే ఆగిపోయి, "నెల్లూరు తీసుకుపోదాం, ఇంక ఆలస్యం చేయొద్దు," అన్నారు.

"ఆసుపత్రి మాట ఎత్తబాకండి పంతులుగారూ," అంది మా అత్త. "ఈ వెంకయ్య నాయన్ని గూడా మద్రాసు ఆసుపత్రికే తీసకపోయినాము. నడిచి పోయిన మనిషి. ఎట్టొచ్చినాడు? బండిలో పండుకోని వచ్చినాడు, చాప చుట్టి."

"అట్టని ఇంట్లో పెట్టుకుని చూస్తా కూర్చుంటారా?"

"కూర్చోలా. చేయాల్సిందంతా చేస్తానే ఉండాం గదా!"

మా నాయన గొంతు పెంచారు. ఆయన గొంతు పెంచడం నేను అదే మొదటిసారి వినడం. మా ఆయన ఇద్దరి మధ్యా నిలబడి ఒక్క మాట మాట్లాడలేదు. నాకు ఆయన మీద వచ్చినంత కోపం మా అత్త మీద రాలేదు. ఆమె భయపడుతోందని నాకు తెలుసు. మా నాయన అన్నం తినకుండా వెళ్ళిపోయారు. ఇంట్లో రెండు రోజులు ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోలేదు.

మూడో రోజు ఉదయం లక్ష్మి ఎత్తుకోమని చేతులు చాచింది. వంగి ఎత్తుకోబోయి, ఎత్తలేక, పిల్లతో సహా నేల మీద కూలబడ్డాను. లక్ష్మి ఏడవలేదు. నా ముఖంలోకి చూసి మెల్లగా లేచి అవతలికి వెళ్ళి నిలబడింది. వాకిట్లో పేడ కలుపుతున్న మా అత్త అది చూసింది. చేతులు కడుక్కుని వచ్చి, "అబ్బయ్యా, బండి కట్టు," అంది కొడుకుతో. "నేనూ పోతా. బిడ్డను పంపిచ్చేసి ఈడ కూర్చోనుండటం నా వల్ల కాదు."

అంతవరకూ మా అత్త రైలెక్కింది ఒక్కసారే, మామగారితో మద్రాసు వెళ్ళినప్పుడు. కావలి స్టేషన్లో పాసెంజరు రాగానే ఆమె చెయ్యి నా మణికట్టును పట్టుకుంది, నెల్లూరు దాకా వదల్లేదు. పెన్న వంతెన మీద రైలు నెమ్మదించింది. కింద ఇసుక మేటలు, పక్కన ఒక పాయగా నీళ్ళు, దూరంగా రంగనాయకుల గాలిగోపురం. ఆమె కళ్ళు మూసుకుని గోపురానికి బదులు నాకు దణ్ణం పెట్టినట్టుగా నా చేతినే రెండు చేతుల్లోకి తీసుకుని నుదుటికి ఆనించుకుంది. తర్వాత ఆ సంగతి ఎత్తితే ఒప్పుకునేది కాదు.

ఆసుపత్రి వరండాలో బల్లల మీద కూర్చునే చోటు లేక గోడవార చతికిలబడ్డాం. చిన్న డాక్టరు ఒకరు వచ్చి గడ్డ నొక్కి చూసి, లోపల నీళ్ళలా ఉంది, సూది పెట్టి లాగుదామన్నాడు. సూది సిద్ధమైంది కూడా. అంతలో పెద్ద డాక్టరు వచ్చారు. తల నెరిసిన మనిషి, మెల్లగా మాట్లాడేవారు. నా కళ్ళు చూశారు, పడ్డప్పుడు వచ్చిన దద్దుర్ల సంగతి రెండుసార్లు చెప్పించుకున్నారు. "సూది పెట్టొద్దు," అని, మా అత్త వైపు తిరిగి, "మీ ఇంట్లో గొర్రెలున్నాయామ్మా?" అని అడిగారు.

"ఉండాయి సామీ."

"కుక్క?"

మా అత్త నా వైపు చూసింది. మన ఇంటి సంగతి ఈయనకెవరు చెప్పారన్నట్టు. "అదీ ఉండాది," అంది.

ఆయన బల్ల మీద కూర్చుని మాకు అర్థమయ్యేలా చెప్పారు. గొర్రె కార్జంలోని బుడగలో కంటికి కనపడని పురుగు పిల్లలుంటాయట. కుక్క ఆ ముక్క తింటే దాని పేగుల్లో అవి పెరిగి గుడ్లు పెడతాయట. ఆ గుడ్లు కుక్క బొచ్చుకు అంటుకుని, మన చేతికి అంటుకుని, కూటితో పాటు కడుపులోకి పోతాయట. అప్పుడు మన కార్జంలోనూ అదే బుడగ మొదలై ఏళ్ళ తరబడి చప్పుడు లేకుండా పెరుగుతుందట. సూదితో పొడిస్తే ఆ నీళ్ళు లోపల చిమ్మి ప్రాణం మీదికి వస్తుంది. పడ్డప్పుడు కాస్త చిమ్మే అలా అయింది. ఇప్పుడది పైత్యరసం పారే దారిలోకి కూడా పగిలింది కాబట్టే కామెర్లు.

మా అత్త తన అరచేతుల్లోకి చూసుకుంది. "ఆ బుడగల ముక్క కుక్కకు ఏసేది నేనే సామీ," అంది.

"మీరొక్కరే కాదమ్మా, అందరూ అంతే. తెలిస్తే వేసేవారా?" అన్నారాయన. ఆ ఒక్క మాటకు ఆయనకు నేను జీవితమంతా రుణపడి ఉన్నాను. ఆ రోజు మా అత్తను ఆయన కసిరి ఉంటే, ఆమె ఇక తలెత్తేది కాదు.

జ్వరం తగ్గాక గానీ కోయకూడదన్నారు. శ్రావణమంతా వార్డులోనే గడిచింది. నా ముంజేతి మీద ఏదో మందు పొడిచి, అది దద్దురుగా లేస్తే జబ్బు అదేనని ఖాయం చేసుకున్నారు. పొద్దున్నే సుగుణ సిస్టర్ వచ్చేది. ఆమె క్రైస్తవురాలు, గూడూరు వైపు మనిషి. థర్మామీటరు నా నోట్లో పెట్టి, మా అత్తను "అవ్వా, నిన్న ఏం పులుసు?" అని అడిగేది. మా అత్త చేపల పులుసు వాసనకు పక్క వార్డు నుంచి కూడా మనుషులు వచ్చేవాళ్ళు. నాకు మాత్రం కారం లేని మెత్తన్నం, మజ్జిగ. "నువ్వు బాగైనాక నీకొక పెద్ద చట్టినిండా చేస్తా, అందాక వాసన చూడు," అనేది. పొయ్యిల దగ్గర ఆమెకు ఊరూరి స్నేహాలు కుదిరాయి. ఎవరి రోగికి ఏం జబ్బో అన్నీ ఆమెకు తెలుసు. సాయంత్రం నా మంచం పక్కన నేల మీద కూర్చుని ఆ కబుర్లన్నీ చెబుతూ నా పాదాలు పిసికేది. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ పని మాటలు తప్ప వేరే మాటలు మా ఇద్దరి మధ్యా నడవలేదు. ఆమె చిన్నప్పటి సంగతులు, మామగారికి ఆమె అంటే ఎంత భయమో, పుట్టి పోయిన ఇద్దరు పిల్లల సంగతి, అన్నీ నేను ఆ వార్డులోనే విన్నాను.

ఒక ఉదయం పెద్ద డాక్టరు రౌండుకు వచ్చినప్పుడు ఆమె లేచి నిలబడి, "సామీ, నాకూ ఒకటి ఉండాది," అంది. నేను ఉలిక్కిపడ్డాను. ఆయన చెయ్యి పట్టుకుని మరీ తన డొక్క మీద పెట్టించింది. "ఈ వెంకయ్య కడుపులో ఉన్నప్పటి నించీ ఉండాది. ఒక్కనాడు నొప్పి ల్యా."

ఎక్స్‌రే తీశారు. ఆయన దాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని మా ఇద్దరికీ చూపించారు. నల్లటి ఫిల్ములో కోడిగుడ్డు పెంకులా తెల్లటి గుండ్రటి గీత. లోపలి పురుగు ఎప్పుడో చచ్చి, చుట్టూ సున్నం కట్టిందని, దాని జోలికి పోనక్కర్లేదని చెప్పారు.

"అయితే చచ్చినదాన్ని మోస్తా తిరగతుండానా ఇన్నేళ్ళు!" అంది మా అత్త. సుగుణ సిస్టర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కానీ మా అత్త నవ్వలేదు. ఆయన కోటు అంచు పట్టుకుంది. "నాది అట్ట చచ్చిపోయింది గదా సామీ. దీనిది గూడా అట్నే చచ్చిపోదా? కోయకుండా కొంచెం చూడరాదా?"

"మీదానికి మీ ఒళ్ళు టైమిచ్చిందమ్మా. ఈ పిల్లదానికి టైము లేదు," అన్నారాయన.

ఆ మాట నాకు వినపడదనుకుని ఉంటారు. వినపడింది. ఆ రోజంతా లక్ష్మి అవతలికి వెళ్ళి నిలబడిన తీరే కళ్ళముందు కదిలింది. నేను లేకపోయినా అది అలాగే ఏడవకుండా నిలబడుతుందేమోననిపించింది. అది తలుచుకునే ఎక్కువ ఏడ్చాను.

వినాయక చవితి వెళ్ళాక ఆపరేషన్ చేశారు. పొద్దున్నే మా ఆయనా, మా నాయనా వచ్చారు. ఆ గొడవ తర్వాత మా నాయనా మా అత్తా ఎదురుపడటం అదే మొదటిసారి. ఆయన ఏదో అనబోతుంటే ఆమే, "పంతులుగారూ, అన్నం తిన్నారా?" అని అడిగింది. ఆయన లేదన్నారు. పోయి గిన్నెలో అన్నం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. నా గాజులు తీసి తన కొంగున ముడేసుకుని, "నేనీడనే ఉంటా. యాడికీ పోను," అంది నాతో. తర్వాత ఈథర్ వాసన, తీయగా, గొంతు పట్టేసేలా. అంతే.

మెలకువ వచ్చాక దాహం. తడిగుడ్డతో పెదాలు తడపడం తప్ప నీళ్ళివ్వలేదు. కాస్త కోలుకున్నాక సుగుణ సిస్టర్ చెప్పింది. చుట్టూ గుడ్డలు దట్టించి, చుక్క కూడా చిందకుండా బుడగలోని నీళ్ళు తీసి, మందు పోసి కడిగారట. లోపల తెల్లటి పొర, దానిలో ఎన్నో చిన్న బుడగలు, అచ్చం తాటిముంజల్లా ఉన్నాయట. ఎనామిల్ బేసినులో వాటిని మా అత్తకు కూడా చూపించారు. ఆ తర్వాత చాలా వేసవుల దాకా మా ఇంట్లో ముంజకాయ కొయ్యనివ్వలేదు ఆమె.

బుడగ పోయింది గానీ నేను బాగుపడలేదు. బుడగ ఉన్న చోట ఖాళీ మిగిలింది. అందులోకి పైత్యరసం ఊరుతూ, డొక్కలో పెట్టిన రబ్బరు గొట్టం గుండా మంచం కింది సీసాలోకి దిగేది. వారాల్లో ఆగిపోతుందన్నది ఆగలేదు. మళ్ళీ జ్వరం, మళ్ళీ పుండు వెడల్పు చేయడం. కార్తీకం వానలు ఆసుపత్రి పెంకుల మీద ఎడతెరిపి లేకుండా కురిసేవి. పొయ్యిలు తడిసి, మా అత్త వరండా మూల ఇటుకల మధ్య కుంపటి పెట్టుకునేది. గొట్టం పక్కన చర్మం ఒరుసుకుపోయి మండేది. నా ఒంటి వాసన నాకే పడేది కాదు.

ఒకరోజు మా ఆయన లక్ష్మిని తీసుకొచ్చాడు. పిల్ల గుమ్మంలోనే నిలబడిపోయి సీసానే చూస్తోంది. ఎంత పిలిచినా రాలేదు. నేను ముఖం గోడవైపు తిప్పుకున్నాను. మా అత్త లేచి తన కొంగు పరిచి సీసానూ గొట్టాన్నీ కప్పేసి, లక్ష్మిని ఎత్తుకొచ్చి మంచం మీద నాకు ఎడమవైపు కూర్చోబెట్టింది. "మీ అమ్మకి ఈతట్టు పుండు. ఆతట్టు ఏం ల్యా. ఆతట్టు ఎంతసేపైనా కూర్చోవచ్చు," అంది. లక్ష్మి ఆ రోజంతా నా ఎడమ చంకలోనే ఉంది.

వాళ్ళు వెళ్ళాక నేను మా అత్త మీద విరుచుకుపడ్డాను. ఎందుకు తీసుకొచ్చావు నన్ను, ఇంట్లోనే పోయేదాన్ని కదా, నీ కొడుక్కి వేరే పెళ్ళి చేసేదానివి కదా అన్నాను. నోటికొచ్చినవన్నీ అన్నాను. నేను అలిసిపోయేదాకా ఆమె విని, "అయిపోయినాయా? అయితే మజ్జిగ తాగు," అంది. తాగాను.

మాఘమాసంలో ఒక పొద్దున లేచి చూస్తే సీసా అడుగున ఏమీ లేదు. గొట్టం మూసుకుపోయిందని హడలిపోయాను. సుగుణ సిస్టర్ వచ్చి చూసి, డాక్టరును పిలిచింది. ఆయన పొట్ట నొక్కి చూశారు, మలం రంగు ఎలా ఉందని అడిగారు. నేను సిగ్గుతో నోరు విప్పకముందే మా అత్త వార్డంతా వినపడేలా, "పచ్చగా, బంగారట్ట ఉండాది సామీ!" అంది. పైత్యరసం తన దారిన తాను లోపలికే పోతోందన్నమాట. వార్డులో నవ్వనివాళ్ళు లేరు. పుండు మీద చెయ్యి అదుముకుని నేనూ నవ్వాను. నెలల తర్వాత నవ్వడం, నవ్వితే నొప్పి, నొప్పి పుడుతున్నా ఆగని నవ్వు. ఆ వారంలోనే గొట్టం తీసేశారు.

అరవై వేసవి మొదట్లో ఇంటికొచ్చాం. ఊళ్ళో కొందరు కుక్కను కొట్టి చంపమన్నారు. "దానికేం తెలుసు పాపం, మనం ఏసింది అది తినింది," అని మా అత్త దాన్ని మంద దగ్గరే ఉంచింది, ఇంటి వాకిలి దాటనివ్వలేదు. పొట్టేలును కోసినప్పుడు బుడగల ముక్కలుంటే లోతుగా గుంట తీసి, తనే నిలబడి పూడ్పించేది. చేతులు కడుక్కోకుండా ఎవరు సంకటి ముట్టినా ఊరుకునేది కాదు. నల్లోడు కొన్నాళ్ళు వాకిలి అవతల కూర్చుని నన్నే చూస్తూ తోక ఆడించేది. దాని దగ్గరికి వెళ్ళలేకపోవడం నాకు కష్టంగానే ఉండేది. ముసలిదై అదే పోయింది. నెల్లూరు వెళ్ళి చూపించుకొచ్చిన ప్రతిసారీ బుడగ మళ్ళీ రాలేదన్నారు. అరవై మూడులో నాకు కొడుకు పుట్టాడు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు, నా సంగతి ఎవరో చెప్పగా విని, కాలువ అవతలి ఊరి నుంచి ఒక తల్లి పెళ్ళికాని కూతురిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఆ పిల్లకూ అదే చోట గడ్డ. నెల్లూరులో కోయాలన్నారట. తల్లి ఏడుస్తోంది. పిల్ల మాత్రం ఏడవకుండా నేల చూస్తూ కూర్చుంది. నేను నెమ్మదిగా ఏదో చెప్పబోతుంటే మా అత్త వచ్చి, ఇంట్లో మగవాళ్ళను బయటికి పొమ్మని, నా పైట పక్కకు తప్పించింది. ఎదుటివాళ్ళ ముందు మోకాలి పైకి చీర జరిగితే కసిరే మనిషి. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, నా డొక్కలో గొట్టం ఉన్న గుంట దగ్గర నుంచి కుట్ల పొడుగునా దాని వేళ్ళు నడిపించింది.

"నొప్పి పుట్టిందా అక్కా?" అని అడిగింది ఆ పిల్ల.

లేదని చెబుదామనుకున్నాను. మా అత్త అందుకుంది.

"పుట్టింది. బో పుట్టింది. అరిచింది, ఏడిచింది, నన్ను తిట్టరాని తిట్లు తిట్టింది. అయినాక మజ్జిగ తాగింది. ఇదిగో, నీ ఎదట కూర్చోనుండాది."

ఆ పిల్ల నా ముఖంలోకి చూసింది. చెయ్యి మాత్రం వెంటనే తియ్యలేదు. నేను ఊపిరి పీలుస్తుంటే ఆ అరచెయ్యి మెల్లగా లేచి దిగడం నాకు తెలుస్తూనే ఉంది. కాసేపటికి తల్లి కళ్ళు తుడుచుకుని, నెల్లూరు పాసెంజరు కావలికి ఎన్ని గంటలకు వస్తుందని మా అత్తను అడిగింది.